సలహా ఇచ్చేవారికి డబ్బు ఎవరిస్తున్నారో కూడా అచ్చు వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆర్థిక పేజీలో పాఠకుల ప్రశ్నలకు నిపుణులు జవాబులిచ్చే శీర్షికను నేను వదలకుండా చదువుతాను. దాని గురించి ఒక విన్నపం ఉంది. అది ఎందుకో అర్థం కావాలంటే ముందు నాకు జరిగింది చెప్పాలి.

34 ఏళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. తర్వాత 5 నెలలకే మావారు పోయారు. నా రిటైర్మెంట్ డబ్బు, ఆయన బీమా డబ్బు కొద్ది వారాల తేడాతో ఖాతాలో పడ్డాయి. ఇంటి లెక్కలన్నీ ఆయనే చూసుకునేవారు. ఏ కాగితం ఏ బీరువాలో ఉందో కూడా నాకు తెలియదు. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. ఆ టెన్షన్‌లో ఉండగా దగ్గరి బంధువొకరు "మా డబ్బంతా ఈయనే చూస్తాడు వదినా, చాలా మంచివాడు" అంటూ ఒక ఆర్థిక సలహాదారుని ఇంటికి తీసుకొచ్చారు.

మనిషి మర్యాదస్తుడే. ఫీజేమీ అక్కర్లేదన్నాడు. గంట తిరగకుండానే బీమా, పొదుపు కలిసిన పాలసీ ఒకటి నా ముందు పెట్టాడు. 12 ఏళ్లు ఏటా ప్రీమియం కట్టాలి. సంతకం పెట్టాను. రెండో ప్రీమియం కూడా కట్టాక మా అమ్మాయి ఆ కాగితాలు చదివి, "అమ్మా, నీ మీద ఆధారపడి ఎవరూ లేరు కదా, ఈ వయసులో నీకు ఇంత బీమా ఎందుకు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. వెనక్కి తీసుకోబోతే కట్టినదాంట్లో సగం కూడా చేతికి రాలేదు. ఆయన నా దగ్గర ఫీజు తీసుకోని మాట నిజమే. నేను కట్టిన ప్రీమియంలోంచి కంపెనీ ఆయనకు కమీషన్ ఇచ్చింది. మొదటి ఏడాదిదైతే చాలా పెద్ద ముక్క.

ఆ రోజు తలుచుకుంటే పోయిన డబ్బుకంటే ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటి ఉంది. ఒక ఇంజెక్షన్ ఇచ్చే ముందు మేం ఐదు విషయాలు సరిచూసుకుంటాం: సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం. కొత్తగా చేరిన పిల్లలకు ఇవి నేనే నేర్పేదాన్ని. నా అప్పుల గురించి, ఆరోగ్యం గురించి, ఏ డబ్బు ఎప్పుడు అవసరమవుతుందో దాని గురించి ఒక్క ప్రశ్న అడగకుండా ఒక మనిషి పన్నెండేళ్ల మందు రాసిస్తే, నేనెలా ఒప్పుకున్నాను? దుఃఖంలో ఉన్న మనిషికి ఎవరో ఒకరు "నేను చూసుకుంటాను" అంటే చాలనిపిస్తుంది. అలాంటి ఇళ్లు ఎన్నో ఉంటాయనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

తర్వాత ఏడాది పాటు ఈ విషయమే చదివాను, తెలిసినవాళ్లను అడిగాను. సలహాదారు అని చెప్పుకునేవాళ్లందరూ ఒకేలా సంపాదించరు. కొందరికి తాము అమ్మిన పాలసీ మీదో, మ్యూచువల్ ఫండ్ మీదో కంపెనీ కమీషన్ ఇస్తుంది. కొందరు మన దగ్గరే ఫీజు తీసుకుంటారు. ఆ ఫీజు గంటల లెక్కన కావచ్చు, ప్లాన్ మొత్తానికి ఇంత అని కావచ్చు, మన డబ్బులో ఏటా ఇంత శాతం అని కావచ్చు. ఫీజూ కమీషనూ రెండూ తీసుకునేవాళ్లూ ఉన్నారు. కమీషన్ మీద బతికేవాళ్లంతా మోసగాళ్లని నేననను. కానీ మందు రాసే డాక్టరే మందుల షాపు కూడా నడుపుతుంటే ఆ చీటీని ఇంకోసారి చూసుకుంటాం కదా.

శాతం ఫీజు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అది కంటికి ఆనదు. ఏడాదికి 1 శాతమే కదా అంటారు. 100 రూపాయలు ఏటా 8 శాతం చొప్పున పెరిగితే 20 ఏళ్లకు సుమారు 466 అవుతాయి. ఫీజు కింద 1 శాతం పోయి 7 శాతం చొప్పునే పెరిగితే 387 దగ్గర ఆగిపోతాయి. అంటే చివరికి చేతికి రావలసినదాంట్లో ఆరో వంతు పోయినట్టే. ఈ లెక్క మా అమ్మాయి కాగితం మీద వేసి చూపించినప్పుడు నేను మళ్లీ మళ్లీ కూడి చూసుకున్నాను. పైగా ఫండ్ కంపెనీ తన ఖర్చుల కింద తీసుకునేది వేరే ఉంటుంది. అందుకే రెండూ కలిపి అడగాలి.

ఈ బాధ ఒక్క చోటిది కాదు. పెట్టుబడి సలహాకు కమీషన్ తీసుకునే పద్ధతిని బ్రిటన్ 2012 చివరితో ఆపేసింది. మరుసటి ఏడాది నెదర్లాండ్స్, ఆస్ట్రేలియా దేశాలు కూడా అదే దారి పట్టాయి. ఫీజు తీసుకుని సలహా ఇచ్చేవారికి మన దేశంలో స్టాక్ మార్కెట్లను నియంత్రించే సంస్థ సెబీ ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది కూడా 2013లోనే. అమెరికాలో ఇలాంటి సలహాదారుల కోసం 1940 నుంచే చట్టం ఉంది. క్లయింటు మేలే ముందు చూడాలని అక్కడి సుప్రీంకోర్టు 1963లో ఆ చట్టానికి అర్థం చెప్పింది. ఇన్ని దేశాలు తలపట్టుకున్న విషయాన్ని ఇంటికొచ్చిన మనిషిని అడగడానికి నేను మొహమాటపడ్డాను.

అసలు సలహాదారు అందరికీ కావాలా? అక్కర్లేదనే అనుకుంటున్నాను. ఎక్కువ వడ్డీ అప్పు ఉన్నవాళ్లు ముందు అది తీర్చుకోవాలి, ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోవాలి. దానికి ఎవరి సలహా అవసరం లేదు. నెలనెలా కొంత దాచుకునే కుర్రవాళ్లకు సెన్సెక్స్ లాంటి సూచీలోని షేర్లనే కొని ఉంచే, ఖర్చు తక్కువ ఉండే ఇండెక్స్ ఫండ్ ఒకటి అర్థమైతే చాలా దూరం వెళ్లవచ్చు. నాలా ఒకేసారి పెద్ద మొత్తం చేతికొచ్చినవాళ్లకు, భార్యాభర్తలకు డబ్బు విషయంలో మాట కుదరనప్పుడు, రెండు దేశాల పన్నులు చూసుకోవలసినవాళ్లకు, మార్కెట్ పడగానే భయపడి అమ్మేసేవాళ్లకు మాత్రం తోడు కావాలి. అది కూడా జీవితాంతం కానక్కర్లేదు. కొందరికి నాలుగు సిట్టింగులు చాలు.

రెండోసారి నేను ముగ్గురిని కలిశాను. ఒకే కాగితం మీద ప్రశ్నలు రాసుకుని వెళ్లాను. నేను కాక మీకు ఇంకెవరు డబ్బిస్తారు? అన్నీ కలిపి ఏడాదికి నా నుంచి ఎంత పోతుంది? నా డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది? మానుకోవాలంటే ఏం చేయాలి? జవాబులు రాసివ్వమన్నాను. వార్డులో కేస్ షీటు మీద ఎక్కని మాటను మేం లెక్కలోకి తీసుకోం. ఆ అలవాటు ఇక్కడ పనికొచ్చింది. మొదటాయన "నమ్మకం లేకపోతే ఎలా అమ్మా" అని నొచ్చుకున్నారు. రెండో ఆయన పోయిన ఏడాది ఏ ఫండ్ ఎంత పెరిగిందో చూపించారు కానీ నా ప్రశ్నలకు రాలేదు. మూడో ఆమె మొదటి సిట్టింగంతా నన్నే అడిగింది. బీపీ ఉందా, ఇల్లు ఎవరి పేరున ఉంది, అమ్మాయికి ఎప్పుడైనా ఇవ్వాలనుకుంటున్నారా అని. ఆమె మొదటి సలహా ఇది: "ఆరు నెలలు ఏమీ చేయకండి. డబ్బు బ్యాంకులోనే ఉండనివ్వండి. మీ మనసు కుదుటపడ్డాక మాట్లాడుకుందాం." ఆ మాట మీద ఆమెకు వచ్చే కమీషన్ ఏమీ లేదు. ప్లానుకు ఒకసారి ఫీజు, ఏడాదికోసారి చూసినందుకు చిన్న ఫీజు. చెక్కు ఎప్పుడూ ఆమె పేరున రాయను. డబ్బు నా పేరుతోనే ఉంటుంది, స్టేట్‌మెంట్లు నేరుగా కంపెనీల నుంచి నాకే వస్తాయి.

ఈ చివరిది తప్పనిసరి. అమెరికాలో బెర్నార్డ్ మేడాఫ్ అనే పెట్టుబడుల వ్యాపారి 2008 డిసెంబర్‌లో పట్టుబడ్డాడు. క్లయింట్ల డబ్బు తన సంస్థలోనే ఉంచుకుని, లాభాలు వచ్చినట్టు దొంగ స్టేట్‌మెంట్లు పంపేవాడు. 2006 నుంచి అక్కడి నియంత్రణ సంస్థ దగ్గర అతని సంస్థ సలహాదారుగా రిజిస్టర్ అయే ఉంది. రిజిస్ట్రేషన్ నంబరు తప్పకుండా సరిచూసుకోవాలి, కానీ అక్కడితో ఆగకూడదు. సలహా ఇచ్చే చేయి, డబ్బు దాచే చేయి వేరువేరుగా ఉండాలి.

ఇక నా విన్నపం. మీ ఆరోగ్య పేజీలో జవాబిచ్చే డాక్టరు పేరు కింద ఆయన చదువు, స్పెషాలిటీ వేస్తారు. ఆర్థిక పేజీలో "ప్రముఖ ఆర్థిక నిపుణులు" అని మాత్రమే ఉంటుంది. ఆ పేరు కింద ఇంకొక్క లైను చేర్చండి: ఆయన రిజిస్ట్రేషన్ ఏమిటి, ఫీజు మీద పనిచేస్తారా కమీషన్ మీదా, ఆ జవాబులో చెప్పిన పాలసీ గానీ ఫండ్ గానీ అమ్మితే ఆయనకు ఏమైనా వస్తుందా. నిజాయితీగా పనిచేసేవారికి ఆ లైను వల్ల ఇబ్బంది ఏమీ ఉండదు. కాగితం మీద అలాంటి లైను చూసే అలవాటు నాకు ముందే ఉండి ఉంటే, ఆ రోజు ఇంటికొచ్చిన మనిషిని కనీసం ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉండేదాన్ని.

చోటు చాలకపోతే నా ఉత్తరం వేయకపోయినా ఫర్వాలేదు. ఆ లైను మాత్రం వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు