చెర్నోబిల్ ఊరేగింపు ఇప్పుడు పరాయి వీధుల్లో

సంపాదకులకు నమస్కారం.

ఏప్రిల్ 26 వచ్చిందంటే మన పత్రికలు చెర్నోబిల్‌ను ఎక్కువగా ఉక్రెయిన్ విషాదంగానే గుర్తు చేసుకుంటాయి. పేలిన అణు విద్యుత్ కేంద్రంలోని నాలుగో రియాక్టర్ అక్కడిదే, నిజమే. కానీ 1986లో రేడియోధార్మిక ధూళి ఎక్కువగా పడింది పక్కనున్న బెలారస్ మీద. ఆ దేశ భూభాగంలో ఐదో వంతుకు పైగా కలుషితమైంది. గోమెల్ ప్రాంతంలో ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి.

రాజధాని మిన్స్క్‌లో 1989 నుంచి జనం ఏటా 'చెర్నోబిల్ దారి' పేరుతో ఊరేగింపు తీసేవారు. నిజం దాచిన పాలకులను నిలదీసే రోజది. 2020 అధ్యక్ష ఎన్నికల తర్వాత అణచివేత పెరిగి, అక్కడ వీధిలోకి రావడమే ప్రమాదమైంది. దేశం విడిచిన బెలారస్ వాళ్లు ఇప్పుడు పక్క దేశాల రాజధానులైన వార్సా (పోలండ్), విల్నియస్ (లిథువేనియా)లలో ఆ రోజును జరుపుతున్నారు. వాళ్లు పట్టుకునే, ప్రభుత్వాన్ని వ్యతిరేకించేవాళ్ల గుర్తయిన తెలుపు-ఎరుపు-తెలుపు జెండాను సొంత ఊళ్లో ఎత్తితే అరెస్టే. పోయినవాళ్లను నలుగురిలో తలుచుకోవడానికి సరిహద్దు దాటాల్సి రావడం ఎంత అన్యాయం! పైగా విల్నియస్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరంలోనే, ఆస్త్రవెట్స్‌లో, బెలారస్ ప్రభుత్వం కొత్త అణు విద్యుత్ కేంద్రం నడుపుతోంది.

మా జిల్లా కొవ్వాడలో రియాక్టర్ల ప్రతిపాదన ఉంది కాబట్టి ఈ సంగతులు మాకూ కావాలి. వచ్చే ఏప్రిల్‌లో బెలారస్ గురించి ఒక పూర్తి పేజీ ఇవ్వండి.

— ఒక పాఠకుడు, శ్రీకాకుళం