ఎస్ఎంపీఎస్ ఎన్ని వాట్లో చెప్పడానికి ఇంత కష్టమా?

శ్రీకాకుళం

కస్టమర్ సర్వీస్ ప్రధాన అధికారి గారికి,

విషయం: డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు వేసుకోవడానికి దాని ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) సరిపోతుందా అని అడిగిన ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు ఇవ్వకపోవడంపై ఫిర్యాదు.

అయ్యా,

ముందే చెబుతున్నాను, నా కంప్యూటర్ పాడవలేదు. ఈ సంగతి మీవాళ్లకు అర్థమయ్యేలా చెప్పలేకే నా ఓపికంతా అయిపోయింది. సిస్టమ్ ఆన్ అవుతోంది, విండోస్ వస్తోంది, ఫ్యాన్ తిరుగుతోంది. దయచేసి రీస్టార్ట్ చేసి చూడమని మాత్రం రాయకండి.

పాలకొండ రోడ్డులో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే చిన్న స్టూడియో నాది. ఒక్కో పెళ్లి రెండరింగ్‌కి, అంటే ఎడిట్ చేసింది పూర్తి వీడియోగా తయారవడానికి, రాత్రంతా పడుతోందని ఆర్‌టీఎక్స్ 3060 అనే గ్రాఫిక్స్ కార్డు కొందామని వెళ్లాను. షాపులో కుర్రాడు డబ్బులు తీసుకోకుండా ఆపాడు. "ముందు ఎస్ఎంపీఎస్ ఎంతదో సూసుకోండి సార్. ఈ కార్డొక్కటే 170 వాట్లు లాగుతాది. 550 వాట్ల ఎస్ఎంపీఎస్ ఉండాలని ఈ కార్డు సేసే ఎన్విడియావోళ్లే రాసినారు. కార్డుకి కరెంటిచ్చే ఎనిమిది పిన్నుల కేబుల్ ఉందో లేదో కూడా సూడండి" అన్నాడు. తన బేరం పోతుందని తెలిసి కూడా చెప్పాడు. అతనికి నా దగ్గర నుంచి అప్పటికి రూపాయి కూడా ముట్టలేదు. మీకు ముట్టినదెంతో మీ లెక్కల్లో ఉంటుంది.

ఎస్ఎంపీఎస్ ఎన్ని వాట్లో ఆ సంఖ్య బిల్లులో లేదు, అట్టపెట్టె మీద లేదు, మీరిచ్చిన పుస్తకంలోనూ లేదు. లోపల ఎస్ఎంపీఎస్ మీద లేబుల్ ఉంటుందట. మూత తీస్తే వారంటీ పోతుందని మీరే సీల్ వేశారు. సరే, మిమ్మల్నే అడుగుదామని ఫోన్ చేశాను. అదే నా ఖర్మ.

మొదట ఎత్తినావిడ చాలా మర్యాదగా "మీ సిస్టమ్ ఆన్ అవుతోందా సార్?" అని అడిగారు. అవుతోందన్నాను. "మరి సమస్య ఏమిటి సార్?" సమస్య లేదమ్మా, సందేహం ఉంది అన్నాను. సందేహానికి వాళ్ల దగ్గర బటన్ లేదట. 'పవర్ ఆన్ అవడం లేదు' అనే ఫిర్యాదు కింద టికెట్ పెట్టారు. సాయంత్రానికల్లా 'మీ సమస్య పరిష్కరించబడింది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి' అని మెసేజ్. లేని సమస్యను అంత త్వరగా పరిష్కరించినందుకు ధన్యవాదాలు.

తర్వాత దొరికిన ఆయన బిల్లు చూసి చెబుతానని లైన్లో ఉంచారు. మీ పాట నాకు కంఠతా వచ్చాక తిరిగి వచ్చి, "600 ఉంది సార్, ఏ కార్డయినా నిశ్చింతగా పెట్టుకోండి" అన్నారు. ప్రాణం లేచొచ్చింది. ఫోన్ పెట్టేశాక బిల్లు తీసి చూస్తే, ఆ 600 సిస్టమ్‌తోపాటు కొన్న యూపీఎస్‌ది! బల్ల కింద ఉండే ఆ బ్యాటరీ పెట్టెకి బిల్లులో రాసిన వీఏ అంకె (యూపీఎస్ సామర్థ్యం) చదివి ఎస్ఎంపీఎస్ వాట్లని చెప్పారాయన. ఆ మాట నమ్మి కార్డు బిగించి ఉంటే, నడి రెండరింగ్‌లో సిస్టమ్ ఆగిపోతే, పెళ్లివారికి మీరొచ్చి సమాధానం చెబుతారా?

ఇంకొకాయన మరీ ఘనుడు. ఎనిమిది పిన్నుల కేబుల్ లేకపోయినా ఫరవాలేదు, హార్డ్ డిస్క్‌కి వెళ్లే సాటా కనెక్టర్ నుంచి అడాప్టర్‌తో లాగేయండి అని సలహా. 12 వోల్టుల మీద ఆ కనెక్టర్ మోయగలిగేది 54 వాట్లు. ఎనిమిది పిన్నులది 150 వాట్ల కోసం పెట్టింది. కార్డు లాగే 170లో మదర్‌బోర్డు స్లాట్ ఇచ్చే 75 వాట్లు పోగా మిగతా భారమంతా ఆ సన్న వైరు మీద పడితే ప్లాస్టిక్ కరుగుతుంది. ఈ లెక్క నేను మీ టెక్నికల్ సపోర్ట్‌కి చెప్పాల్సి వచ్చింది. జీతం మాత్రం ఆయనకే ఇస్తున్నారు.

మూత తీసి చూసుకుంటానంటే వారంటీ పోతుందన్నారు. అయితే మీ మనిషిని పంపండి అన్నాను. మా పిన్‌కోడ్‌కి ఇంటి దగ్గర సర్వీస్ ఉందని మీ టోల్ ఫ్రీ చెప్పింది. విశాఖ సెంటర్‌కి చేస్తే "శ్రీకాకుళం మా రూట్ కాదు, మీరే సిస్టమ్ పట్టుకుని రండి" అన్నారు. ఒక లేబుల్ చదివించుకోవడానికి వంద కిలోమీటర్లు! డీలర్‌ని అడిగితే కంపెనీని అడగమంటాడు, కంపెనీ డీలర్‌ని అడగమంటుంది. మీ మెయిల్‌కి రాస్తే 'మీరు మాకు ఎంతో ముఖ్యం' అని జవాబు వచ్చింది. కింద 'ఈ మెయిల్‌కి బదులు ఇవ్వకండి' అని ఉంది.

నేను మీకు కొత్త కాదు. మా స్టూడియోలో మొదటి కంప్యూటర్ మీదే, ఇప్పటిదీ మీదే. ఆమదాలవలసలో మా బావమరిది నెట్ సెంటర్‌కీ, నరసన్నపేటలో మా పిల్లల మాస్టారికీ మీ సిస్టమ్‌లే కొనిపించాను. "అసెంబుల్డ్ చవగ్గా వస్తుంది కదా" అన్నవాళ్లతో, కంపెనీది అయితే వెనకాల మనిషి ఉంటాడని వాదించాను. ఇప్పుడు మా బావమరిది ఫోన్ చేసి "ఎత్తినాడా బావా మీ మనిషి?" అని నవ్వుతున్నాడు. వాడి నవ్వుకి వారంటీ ఉందేమో చూడండి.

మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి, అడ్వాన్సులు తీసుకున్నాను. ఈ మోడల్‌లో ఎస్ఎంపీఎస్ ఎన్ని వాట్లది, 12 వోల్టుల లైన్‌లో ఎన్ని ఆంప్స్ ఇస్తుంది, కార్డుకి కేబుల్ ఉందా, లేకపోతే బయట దొరికే మామూలు ఎస్ఎంపీఎస్ మీ మదర్‌బోర్డుకి సరిపోతుందా, లేక మీ కంపెనీ ఎస్ఎంపీఎస్‌లకే సరిపోయే సొంత ప్లగ్ పెట్టారా, ఇవి రాసివ్వండి. కార్డు వేసినంత మాత్రాన వారంటీ పోదని కూడా రాయండి. సరిపోని పక్షంలో ఎస్ఎంపీఎస్ మార్చే ఏర్పాటు మీరే చేయాలి. ఇన్నాళ్లు తిప్పినందుకు ఏం చేస్తారో ఆ సంగతి కూడా తేల్చండి.

లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. వాళ్లయినా ఎత్తుతారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉన్న జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లవచ్చు. విలువ 5 లక్షలు దాటకపోతే ఫీజు కూడా లేదు. అప్పుడు శ్రీకాకుళం మీ రూట్‌లోకి వస్తుంది. మా జిల్లా ఫోటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపులో మీ కాల్ రికార్డింగులు పెట్టే పని వేరే ఉంది. ముందుగా ఆ 600 వాట్ల ఆయనది పెడతాను.

జవాబు కాగితం మీద పంపండి, ఫోన్‌లో వద్దు.

ఇట్లు,
మీ పాత కస్టమర్

జత: బిల్లు నకలు, మూసేసిన టికెట్ల మెసేజ్‌లు, 'బదులు ఇవ్వకండి' మెయిల్ ప్రింటు.