కోడికి జరిగిన న్యాయం కుక్కకు ఎందుకు జరగదు? మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. కరోనా భయంతో పెంపుడు కుక్కలను గెంటేయడం ఆపించమని మేము పెట్టుకున్న అర్జీలు మీ పేషీలో ఏ బీరువాలో ఉన్నాయో గానీ, వాటిలోని విషయం మీకు కొత్తది కాదు. అందుకే మళ్లీ మొదటి నుంచి చెప్పను. కరోనాకూ పెంపుడు జంతువులకూ ఉన్న సంబంధం గురించి తెలుగులో, ఉర్దూలో ఒక ప్రకటన ఇస్తామని, దాన్ని అపార్ట్‌మెంట్ సంఘాలన్నిటికీ పంపుతామని అధికారులు మాట ఇచ్చారు. ఆ ప్రకటన ఇంతవరకు రాలేదు.

ప్రభుత్వానికి చేతకాదని అందామంటే మనసొప్పడం లేదు. 2020 ఫిబ్రవరి చివర్లో చికెన్ తింటే కరోనా వస్తుందన్న పుకారుతో కోళ్ల ధర పడిపోతే, ఇదే హైదరాబాద్‌లో రాష్ట్ర మంత్రులు వేదికెక్కి అందరి ముందూ చికెన్ ముక్కలు తిన్నారు. మంచి పని చేశారు. కుక్కల విషయంలో అంత సాహసం అక్కర్లేదండీ, తల నిమిరితే చాలు. కాకపోతే కోళ్ల వెనుక వ్యాపారం ఉంది, మా వాచ్‌మన్ కుక్క వెనుక ఎవరున్నారు?

2021 మేలో మన నగరంలోని నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో ఎనిమిది ఆసియా సింహాలకు కరోనా సోకిందని ఇక్కడి పరిశోధన సంస్థ సీసీఎంబీ పరీక్షల్లో తేలింది. సింహాలు కోలుకున్నాయి. జంతువుల నుంచి మనుషులకు సోకుతుందనడానికి ఆధారాలు లేవని కేంద్రం అప్పుడే చెప్పింది. మా అపార్ట్‌మెంట్‌లో మాత్రం వార్తలో మొదటి సగమే చదివారు. ‘జంతువుల వల్ల కరోనా వ్యాపించును’ అని లిఫ్టులో నోటీసు అంటించారు. పక్కన కుక్క బొమ్మ, దాని మీద ఎర్ర ఇంటూ గుర్తు. శానిటైజర్ తుంపరలు పడి ఆ ఎరుపు కిందికి కారింది. నోటీసు ఇప్పటికీ ఊడలేదు.

దాని దెబ్బ ఎవరికి తగిలిందో చూడండి. అయిదో అంతస్తు వారి లాబ్రడార్ నిన్న కూడా దర్జాగా లిఫ్టులోనే దిగింది. సెల్లార్‌లో ఉండే వాచ్‌మన్ కుటుంబం పెంచుకున్న ఊరకుక్కనే ‘ఉంచితే ఉద్యోగం ఉండదు’ అన్నారు. అతను దాన్ని గోనెసంచిలో కూర్చోబెట్టి, ట్రాలీ ఆటోలో ఔటర్ రింగ్ రోడ్డు అవతలికి తీసుకువెళ్లి వదిలి వచ్చాడు. సంచిలోంచి తల బయటపెట్టి అది ఆటో డ్రైవర్ చెయ్యి నాకుతూనే ఉందట. ఆకలికి, దాహానికి వదిలేసి జంతువును గాలికి వదలడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. నేరం చేయించిన వాళ్లు సంఘం కుర్చీల్లో ఉన్నారు, చేసినవాడు మాత్రం గేటు దగ్గర భయపడుతూ కూర్చున్నాడు. అధికారులకు ఫిర్యాదు చేస్తే ‘ఇది మా పరిధి కాదు’ అన్నారు. పరిధి ఎవరిదని అడిగితే అది చెప్పడం కూడా వాళ్ల పరిధిలో లేదట.

జంతువుల నుంచి ఏ ప్రమాదమూ లేదని మేము అనడం లేదు. 2003లో కరోనా జాతి వైరస్ వల్లే సార్స్ జబ్బు వచ్చినప్పుడు చైనా మార్కెట్లలోని పునుగు పిల్లుల మీదికి వేలు వెళ్లింది. గల్ఫ్‌లో మన వాళ్లకు అదే జాతి వైరస్ వల్ల వచ్చే మెర్స్ అంటే ఒంటెలు గుర్తొస్తాయి. డెన్మార్క్‌లో బొచ్చు కోసం పెంచే మింక్‌ల నుంచి మనుషులకు సోకడంతో 2020 నవంబరులో సుమారు 1.7 కోట్ల మింక్‌లను చంపమన్నారు. 2022 జనవరిలో హాంకాంగ్ పెంపుడు జంతువుల దుకాణంలో హ్యామ్‌స్టర్ల నుంచి సోకింది. థాయిలాండ్‌లో కరోనా ఉన్న పిల్లి ముఖం మీద తుమ్మితే పశువైద్యురాలికి వచ్చింది. వేలకొద్దీ జంతువులను ఒక్కచోట కుక్కినప్పుడు ముప్పు ఎక్కువ. ఇంట్లో కుక్కకో పిల్లికో సోకిందంటే చాలావరకు అది ఇంట్లోని మనిషి ఇచ్చిందే. జ్వరం వచ్చినవాళ్లు దాన్ని ముద్దుచేయకుండా తగ్గేదాకా దూరంగా ఉంటే సరిపోతుంది. ప్రకటనలో రాయాల్సింది ఇంతే. దీనికి ఇన్నేళ్లా?

జంతువుల మీద నిఘా పెడతారా, తప్పకుండా పెట్టండి. రకరకాల ప్రాణులను ఒకే బోనులో కుక్కి అమ్మే దుకాణాలకు వెళ్లండి, నమూనాలు తీయండి, అక్కడ పనిచేసే కుర్రాళ్లకు పరీక్షలు చేయించండి. అసలు చూడాల్సిన చోటు వదిలేసి సెల్లార్‌లో కట్టేసిన ఊరకుక్క మీదనా మీ సంఘాల ప్రతాపం?

ప్రకటన ఇవ్వండి. లిఫ్టుల్లోని నోటీసులు తీయించండి. సంఘాలు వాచ్‌మన్లను ఇలా బెదిరించకుండా ఒక ఉత్తర్వు ఇవ్వండి. తెలుగు ప్రకటన ముసాయిదా మేమే రాసి గత అర్జీకి జతచేశాం. అది పోయి ఉంటే చెప్పండి, ఇంకొక కాపీ పంపుతాం. సంతకం మాత్రం మీరే పెట్టాలి.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక అపార్ట్‌మెంట్ వాసి