మెయిల్ పాస్‌వర్డ్‌లు ఈరోజే మార్చండి
అన్నా, అక్కా, నిన్న రాత్రి మన కర్నూలు ఆఫీసు మెయిల్ సర్వర్ క్యూలో బయటికి పోవడానికి 14 వేల మెయిళ్లు ఉండటం చూసి నాకు చెమటలు పట్టాయి. ఒక అకౌంట్ పాస్‌వర్డ్ ఎవరికో దొరికి, దాంతోనే మన పేరుమీద స్పామ్ పంపుతున్నారు. అకౌంట్ ఆపి, క్యూ ఖాళీ చేసేసరికి తెల్లారింది, అప్పటికే మన ఐపీ (సర్వర్ ఇంటర్నెట్ అడ్రస్) స్పామ్ పంపేవాళ్ల బ్లాక్‌లిస్ట్‌లో పడింది, ఆదోని పార్టీలకు పంపిన బిల్లులు వెనక్కొచ్చింది అందుకే.

ఎస్‌పీఎఫ్ (మన పేరుతో మెయిల్ పంపగల సర్వర్ల జాబితా), డీకిమ్ (మెయిల్‌పై పడే మన డిజిటల్ సంతకం) ఉన్నాయి కదా అని కొందరు అంటున్నారు. అవి బయటివాళ్లు మన డొమైన్ పేరు వాడితే పట్టిస్తాయి గానీ, ఎవడైనా మన పాస్‌వర్డ్‌తోనే లోపలికొస్తే వాడి మెయిల్‌కీ మన సంతకమే పడుతుంది. అందుకే ఒక్కో అకౌంట్‌కి గంటకు 100 మెయిళ్లే అని పెట్టాను, జీతాల స్లిప్పులు పంపేవాళ్లు ముందే చెప్పండి. పాస్‌వర్డ్‌లో ఊరి పేరు, పక్కన 123 వద్దు. "మెయిల్‌బాక్స్ నిండింది, ఇక్కడ నొక్కండి" అని వస్తే నొక్కకుండా నాకు ఫోన్ చేయండి, రాత్రయినా సరే.