గడువు తీరిన నోటిఫికేషన్లు సెర్చ్‌లో ఎందుకు?

సంపాదకుల వారికి,

పాత ఉద్యోగ నోటిఫికేషన్ పట్టుకొని వచ్చిన మహిళలను ఆఫీసు గేటు దగ్గరే తిప్పి పంపారని గత వారం మీ జిల్లా పేజీలో వచ్చింది. చివరి తేదీ చూసుకోకపోవడం వాళ్ళ తప్పేనని అధికారులు అన్నట్టు కూడా రాశారు. ఆ మాటకు బాధేసి ఇది రాస్తున్నా.

నేను అనంతపురంలో నెట్ సెంటర్ నడుపుతాను. ఆ నోటిఫికేషన్ ఇచ్చిన శాఖ వెబ్‌సైట్‌లో పోస్టు పేరు కొట్టి వెతికితే ముందు వచ్చేవన్నీ ఎప్పుడో ముగిసినవే. ఈ ఏటిది ఏ అడుగునో ఉంటుంది. పీడీఎఫ్ తెరిచి చివరి పేజీ దాకా పోతే గానీ గడువు తేదీ కనపడదు. శ్రీ సత్యసాయి జిల్లా 2022 ఏప్రిల్ 4నే అనంతపురం నుంచి వేరుపడింది. అయినా ఆ జిల్లాలోకి పోయిన మడకశిర, హిందూపురం వాళ్ళు ఇప్పటికీ దరఖాస్తులు తీసుకొని అనంతపురం వస్తున్నారు. జిల్లా విడిపోకముందు పెట్టిన కాగితాలే వాళ్ళ ఫోన్లలో ముందు కనపడుతున్నాయి మరి. బస్సు ఛార్జీ, ఆ రోజు కూలి వాళ్ళకు ఎవరిస్తారు?

ఇది సరిచేయడం కష్టమైన పని కాదు. నోటిఫికేషన్ ఎక్కించేటప్పుడే చివరి తేదీని వేరే గడిలో నింపి, అది దాటినవి సెర్చ్‌లో రాకుండా షరతు పెట్టాలి. గూగుల్‌లో కూడా రాకూడదంటే పేజీలో 'నోఇండెక్స్' అని, అంటే సెర్చ్‌లో చూపొద్దని చెప్పే గుర్తు పెట్టాలి. పీడీఎఫ్‌లో ఆ గుర్తు పెట్టే వీలు లేదు, సర్వర్ నుంచే చెప్పించాలి. వెబ్‌సైట్ తయారుచేసేవాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది. ప్రభుత్వ వెబ్‌సైట్లకు కేంద్రం 2009లోనే మార్గదర్శకాలిచ్చింది, ఆర్కైవ్ విధానం, అంటే పాతవాటిని విడిగా భద్రపరిచే పద్ధతి ఉండాలని అందులోనే ఉంది. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 ప్రకారం ఏటా వివరాలు సరిచేయాలి కూడా. చదివేవాళ్ళెవరు, చేసేవాళ్ళెవరు? పెద్దసారు బదిలీ అయితే మాత్రం ఫొటో అదే రోజు మారిపోతుంది!

పాతవి చెరిపేయమని నేను అనడం లేదు. సీనియారిటీ తగాదాకైనా, కోర్టు కేసుకైనా అవే ఆధారం. 2021 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం జీవోలను ఆన్‌లైన్‌లో పెట్టడమే ఆపేస్తే జనం ఎంత ఇబ్బంది పడ్డారో చూశాం. ఆ పని మళ్ళీ వద్దు. ఏ సంవత్సరానివి ఆ సంవత్సరం కింద ఆర్కైవ్‌లో ఉంచితే, కావలసినవాళ్ళు అక్కడికే పోయి చూసుకుంటారు.

కొత్త నోటిఫికేషన్ వచ్చేలోపు అన్ని శాఖల వెబ్‌సైట్లలో ఈ పని చేయించాలని కలెక్టర్ గారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. అంతవరకు ఆఫీసుకు వచ్చినవాళ్ళను కసురుకోకుండా, సరైన నోటిఫికేషన్ ఏదో చూపించి పంపమనండి.

- ఒక పాఠకుడు, అనంతపురం