ల్యాబుకూ ఆఫీసుకూ ఒకే కనెక్షన్ చాలు, నెట్‌వర్కు మాత్రం ఒకటి కాకూడదు

సంపాదకులకు,

బడుల్లో, జూనియర్ కాలేజీల్లో ఆఫీసు కంప్యూటర్లకూ పిల్లల ల్యాబుకూ కలిపి ఒకే ఫైబర్ కనెక్షన్ ఉండటం మామూలే. ఫైబర్ డబ్బా నుంచి ఒక కేబులు ఆఫీసు స్విచ్‌కి (కంప్యూటర్ల కేబుళ్లన్నీ కలిపే పెట్టెకు), ఇంకొకటి ల్యాబు స్విచ్‌కి లాగి వదిలేస్తారు. రెండుచోట్లా నెట్ వస్తుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. కానీ ఆ డబ్బాకు వెనకున్న నాలుగు పోర్టులూ (కేబులు గుచ్చే రంధ్రాలు) లోపల ఒకే స్విచ్. అంటే రెండు నెట్‌వర్కులూ కలిసిపోయినట్టే. ఆధార్ నకళ్లు, ఫీజుల ఖాతాలు, మార్కులు ఉన్న ఫోల్డర్‌ను ఆఫీసులో షేర్ చేస్తే ల్యాబులోనూ కనబడుతుంది. ల్యాబులో పెన్‌డ్రైవ్‌తో వచ్చిన వైరస్‌కు ఆఫీసుదాకా దారి దొరుకుతుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు పిల్లల వివరాల విషయంలో మరింత జాగ్రత్త కోరుతోంది.

ఇందుకోసం రెండో కనెక్షన్ తీసుకుని నెలనెలా రెండు బిల్లులు కట్టనక్కర్లేదు. పోర్టులను విడివిడిగా అమర్చుకోగలిగే రూటర్ (నెట్‌వర్కుల మధ్య రాకపోకలు నడిపే పెట్టె) ఒకటి కావాలి. మైక్రోటిక్ హెక్స్ లాంటి 5 పోర్టుల రూటర్ సరిపోతుంది. ఒకటో పోర్టు ఫైబర్ డబ్బాకు, రెండోది ఆఫీసు స్విచ్‌కి, మూడోది ల్యాబు స్విచ్‌కి. స్విచ్‌లు మామూలువే చాలు. ఆఫీసు వైపు రూటర్ అడ్రస్ 192.168.10.1, ల్యాబు వైపు 192.168.20.1, రెండింటికీ మాస్క్ (అడ్రస్‌లో నెట్‌వర్కు భాగం ఎంతో చెప్పేది) 255.255.255.0 ఇచ్చి, దేనికది డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకు అడ్రస్‌లు పంచే ఏర్పాటు) పెట్టాలి. 192.168.1 వరుస జోలికి వెళ్లకండి. ఫైబర్ డబ్బాలు చాలావరకు అదే వాడతాయి. రూటర్‌కు రెండు వైపులా ఒకే వరుస ఉంటే ప్యాకెట్‌ను (డేటా ముక్కను) ఎటు పంపాలో దానికి తెలియదు.

అసలు చిక్కులు ఇక్కడి నుంచే. ఈ రూటర్ పెట్టెలోంచి తీసేసరికి రెండు నుంచి ఐదు వరకు పోర్టులన్నీ ఒకే బ్రిడ్జ్‌లో (ఒకే స్విచ్‌లా పనిచేసే గుంపులో) ఉంటాయి. మూడో పోర్టును అందులోంచి తీసేయాలి. తీశాక ల్యాబు కంప్యూటర్లకు ఐపీ అడ్రస్ వస్తుంది, గూగుల్ సర్వరు 8.8.8.8కు పింగ్ (జవాబు వస్తుందా అని చూసే పలకరింపు) కూడా వెళ్తుంది, వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోవు. కనెక్షన్ ఇచ్చినవాళ్లకు ఫోన్ చేసి లాభం లేదు. లాన్ జాబితాలో (రూటర్ లోపలివిగా నమ్మే పోర్టుల పట్టికలో) లేని పోర్టు నుంచి వచ్చే డీఎన్ఎస్ ప్రశ్నలను (వెబ్‌సైట్ పేరు చెప్పి దాని అడ్రస్ అడిగేవాటిని) రూటర్ ఫైర్‌వాలే (రాకపోకలను వడకట్టే రూల్సే) ఆపేస్తోంది. మూడో పోర్టును ఆ జాబితాలో చేర్చేస్తే సమస్య తీరుతుంది కానీ రూటర్ లాగిన్ పేజీ కూడా పిల్లలకు తెరుచుకుంటుంది. అందుకని మూడో పోర్టు నుంచి 53వ నంబరు పోర్టుకు (ఇది రంధ్రం కాదు, డీఎన్ఎస్ సేవ నంబరు) మాత్రమే, డేటా పంపే పద్ధతులైన యూడీపీ టీసీపీ రెండింటికీ, ఇన్‌పుట్ చైన్‌లో (రూటర్‌కే వచ్చేవాటి రూల్స్ వరుసలో) అనుమతి ఇవ్వండి. ఆ రూల్ డ్రాప్ రూల్‌కి (ఆపేసే రూల్‌కి) పైన ఉండాలి.

చాలామంది ఇంతటితో ఆపేస్తారు. అడ్రస్‌లు వేరైనంత మాత్రాన అడ్డుగోడ లేచినట్టు కాదు. రెండు నెట్‌వర్కులూ తనకే తగిలి ఉన్నాయి కనుక రూటర్ ఇటువి అటు పంపేస్తూనే ఉంటుంది. మూడో పోర్టులో వచ్చి, ఒకటో పోర్టు వైపు కాక ఇంకెటు పోబోయినా ఆపేయమని ఫార్వర్డ్ చైన్‌లో (రూటర్ గుండా దాటిపోయేవాటి రూల్స్ వరుసలో) డ్రాప్ రూల్ రాయాలి. ఇది ఎస్టాబ్లిష్డ్ (ఇప్పటికే మొదలైన) కనెక్షన్లను అనుమతించే రూల్‌కి కింద ఉంటే ఆఫీసు నుంచి ల్యాబును చూడొచ్చు, ల్యాబు నుంచి ఆఫీసును చూడలేరు. బడికి కావలసింది ఇదే. ఆఫీసు ప్రింటర్ ల్యాబుకూ కావాలంటే ఆ ప్రింటర్ ఐపీకి, ప్రింటింగ్ వాడే 9100 పోర్టు నంబరుకు మాత్రమే అనుమతిస్తూ డ్రాప్‌కు పైన ఇంకో రూల్ చాలు. ల్యాబు వేగానికి హద్దు పెట్టే సింపుల్ క్యూ రాసినా పనిచేయకపోతే ఫాస్ట్‌ట్రాక్ రూల్‌ను (మామూలు దశలు దాటించి వేగంగా పంపేదాన్ని) ఆపి చూడండి. ఫాస్ట్‌ట్రాక్‌లో పోయేవి క్యూలను తాకవు.

ల్యాబులో వైఫై కోసం ఎవరో పాత రూటర్ తెచ్చి దాని లాన్ పోర్టుకు కేబులు గుచ్చితే, దాని డీహెచ్‌సీపీ కూడా అడ్రస్‌లు పంచడం మొదలెడుతుంది. సగం కంప్యూటర్లకు నెట్ పోతుంది. ముందు దాని డీహెచ్‌సీపీ ఆపండి. రెండు స్విచ్‌ల మధ్య పొరపాటున ఒక్క కేబులు కలిసినా ఇప్పటిదాకా చేసినదంతా వృథా. అందుకే ల్యాబుకు నీలం, ఆఫీసుకు ఎరుపు కేబుళ్లు వాడమంటాం. ల్యాబు వేరే భవనంలో ఉంటే, దూరం 100 మీటర్ల లోపే అయినా, రాగి కేబులు లాగకండి. రెండు భవనాల ఎర్తింగ్ తేడాకు, పిడుగులకు పోర్టులు కాలిపోతాయి. ఫైబర్, రెండు చివరలా మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ను రాగి కేబులుకు కలిపే పెట్టెలు) వేయించండి.

నెట్‌వర్కు బిగించినవాళ్ల బిల్లు కట్టేముందు పరీక్ష మీ కళ్లముందే జరగాలి. ల్యాబు నుంచి ఆఫీసు కంప్యూటర్‌కు పింగ్ చేసి జవాబు రాలేదని చూపిస్తే నమ్మకండి. విండోస్ ఫైర్‌వాల్ ఎలాగూ పింగ్‌ను ఆపుతుంది. ఆఫీసు ప్రింటర్‌కు ఆఫీసు నుంచి పింగ్ చేయించండి, జవాబు రావాలి. అదే ప్రింటర్‌కు ల్యాబు నుంచి చేస్తే రాకూడదు. 192.168.10.1 మాత్రం ల్యాబు నుంచి కూడా పలుకుతుంది. అది రూటరే కనుక కంగారు అక్కర్లేదు.

ఇట్లు,
బడులకు నెట్‌వర్కులు బిగించే సాంకేతిక సిబ్బంది,
గుంటూరు