ఆక్వా ల్యాబుల్లో సిలికా పరీక్ష తప్పనిసరి చేయాలి

రొయ్యల చెరువుల నీటి పరీక్షల్లో పీహెచ్, ఉప్పదనం, అమ్మోనియా చూసి సరిపెడుతున్నారు గానీ, డయాటమ్‌లనే సూక్ష్మ నాచుకు ప్రాణాధారమైన సిలికాకు చాలా రిపోర్టుల్లో గడే కనిపించదు. భీమవరం ప్రాంత రైతులు కోరుకునే లేత గోధుమ రంగు నీరు ఈ సూక్ష్మ నాచు చలవే. సన్నని రంధ్రాలతో అల్లిన తన గాజు పెంకు కట్టుకోవడానికి దానికి నత్రజని ఎంత కావాలో సిలికాలోని సిలికాన్ కూడా దాదాపు అంతే కావాలి. పరమాణువుల లెక్కన నత్రజని 16కు సిలికాన్ 15. యూరియా, డీఏపీ ఎరువులు చల్లితే నత్రజని, భాస్వరం పెరుగుతాయి, సిలికా రాదు. ఉన్నది అయిపోగానే డయాటమ్‌లు అడుగుకు దిగి కుళ్లుతాయి, పైన నీలి ఆకుపచ్చ నాచు తెట్టె కడుతుంది, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది, రొయ్యకు మట్టివాసన పడుతుంది. ఆ దశలో నీటికి గాలి అందించే ఏరేటర్లు రొయ్యను బతికిస్తాయేమో గానీ పోయిన రంగును తేలేవు. ప్రతి ల్యాబూ సిలికా కొలవాలి. నీటిచుక్కను 400 రెట్లు పెద్దది చేసి చూపే మైక్రోస్కోపు కింద పెట్టి కీటోసెరాస్, స్కెలిటోనిమా లాంటి డయాటమ్‌లు ఎన్ని, నీలి ఆకుపచ్చవి ఎన్ని అన్నది రాసివ్వాలి. లోటు తేలితేనే సోడియం సిలికేట్‌ను నీళ్లలో బాగా కలిపి, పొద్దున్నే పీహెచ్ తక్కువగా ఉన్నప్పుడు కొద్దికొద్దిగా చల్లించాలి. అది గట్టి క్షారం, ఒక్కసారే పోస్తే పీహెచ్ ఎగబాకి చెరువులో ఉన్న అమ్మోనియా విషంగా మారుతుంది.